సత్ప్రసాదం వరసలో మా అమ్మ

మా అమ్మ రెండు గుళ్లల్లో సత్ప్రసాదం వరసలో నిలబడింది. ఒకటి నిజం గుడి. రెండోది ఫిల్మ్‌నగర్‌లో ఒక స్టూడియో ఫ్లోరులో ప్లైవుడ్డు కొట్టి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూసి నిలబెట్టిన గుడి. రెండు చోట్లా ఆమెను వెనక్కే పంపారు. ఈ వ్యాసం ఆ రెండు వరసల గురించి. తెలుగు సినిమా చూపించిన గుడి గురించీ, తెలుగు సాహిత్యం పెద్దగా పట్టించుకోని గుడి గురించీ, ఈ రెంటి మధ్య ఒక రిజిస్టరు పుస్తకంలో ఇరుక్కుపోయిన మా ఇంటి గురించీ.

మాది పల్నాడులో ఒక ఊరు. ఊరి పేరు చెప్పను. ఎందుకు చెప్పనో ముందుకుపోతే మీకే తెలుస్తుంది. మాలపల్లె. ఆర్సీయం వాళ్లం. ఊళ్లో రెడ్లు కూడా ఆర్సీయం వాళ్లే, మాకంటే ముందునుంచీ. 18వ శతాబ్దం మొదట్లో జెస్యూట్ ఫాదర్లు కర్నాటక మిషన్ పేరుతో తెలుగు నేల మీదికి వచ్చినప్పుడు ముందు పెద్దకులాల గడపే తొక్కారు. పెద్దకులం మారితే చిన్నకులం తనంతట తనే వెనక వస్తుందని వాళ్ల లెక్క. మాల మాదిగ పల్లెలు గుంపులు గుంపులుగా క్రైస్తవంలోకి రావటం 1876-78 కరువు నాటినుంచి ఊపందుకుంది. అట్లా ఒకే గుళ్లోకి రెండు చరిత్రలు వచ్చి కూచున్నాయి. వాళ్లు ముందు, మేం వెనక.

సత్ప్రసాదం వేళకి ముందు ఊరు లేచేది. ఊరు తిరిగొచ్చి కూచున్నాక పల్లె లేచేది. ఇది ఏ గోడ మీదా రాసిలేదు. నేను చిన్నపిల్లని, తెలియక లేవబోతే మా నాయనమ్మ నా రెక్క పట్టి లాగి "ఉండవే, వాళ్లు కానీ" అనేది. నేను నేర్చుకున్న మొదటి సత్యోపదేశం అదే.

ఏడు దివ్యసంస్కారాలు. మా నాయనమ్మ తరం దేవద్రవ్యానుమానాలు అనేది. జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం, పాపసంకీర్తనం, అవస్థ అభ్యంగనం, గురుపట్టాభిషేకం, జ్ఞానవివాహం. అక్షరం ముక్క రాని ముసలమ్మ ఈ ఏడూ వేళ్ల మీద లెక్కబెట్టి చెప్పేది. వీటిలో ఇంచుమించు ప్రతిదానిలోనూ ఒక తాకిడి ఉంది. నీళ్లు తాకాలి. నూనె తాకాలి. తల మీద చెయ్యి పెట్టాలి. నాలుక మీద రొట్టె పెట్టాలి. అంటరానివాళ్లకి ఈ మతం ఎందుకు దగ్గరైందో తెలుసుకోవటానికి పెద్ద పెద్ద పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు. ఎవరూ తాకని నుదుటిని ఒకాయన నూనె వేలితో తాకాడు. మావాళ్లకి అది చాలింది.

ఆ తాకిడి దగ్గరే కులం అడ్డం పడింది. ఇది నా ఊహ కాదు, శ్రీసభ సొంత చరిత్రే చెబుతుంది. పోపుగారి దూతగా పుదుచ్చేరికి వచ్చిన టూర్నోన్ అనే ఆయన 1704లో మదురై, మైసూరు, కర్నాటక మిషన్ల ఫాదర్లకి ఒక ఆజ్ఞాపత్రం ఇచ్చాడు. అందులో రెండు సంగతులు దళిత విద్యార్థులు చదివితీరాలి. మొదటిది, జ్ఞానస్నానంలో ఉమ్మి తాకించే ఆచారాన్ని ఇక్కడి జనానికి అసహ్యమని ఫాదర్లు వదిలేస్తున్నారు, వదలటానికి వీల్లేదన్నాడు. రెండోది, పరయవాళ్లు చావు పడక మీద ఉన్నప్పుడు ఫాదర్లు వాళ్ల గుడిసెల్లోకి పోవటం లేదు, పోయి అవస్థ ఇవ్వాలన్నాడు.

ఉమ్మి ఎవరికి అసహ్యం? మనిషి మెడకి ముంత కట్టించి ఉమ్మి నేల మీద పడనివ్వని వాళ్లకి అసహ్యం. గుడిసెలోకి పోతే ఎవరు ఒప్పుకోరు? మా గుడిసెలోకి పోయిన కాళ్లతో తమ ఇంట్లోకి రానివ్వని వాళ్లు ఒప్పుకోరు. ఆ తగువు నలభయ్యేళ్లు నడిచింది. 1744లో 14వ బెనెడిక్ట్ పోపుగారు మళ్లీ గట్టిగా చెప్పాక కూడా చివరికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే, పరయవాళ్ల కోసం వేరే ఫాదర్లని పెట్టటం. నూనె ఒకటే. వేళ్లు వేరు. మా నాయనమ్మ అన్న "వాళ్లు కానీ" వెనక రెండొందల యాభయ్యేళ్ల సంప్రదాయం ఉందన్నమాట.

1988లో మేం హైదరాబాదు వచ్చాం. అప్పటికి సినిమా మద్రాసునుంచి ఇటు కదులుతా ఉంది. 1976లో అన్నపూర్ణా స్టూడియో మొదలైంది. తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. స్టూడియో ఉంటే సెట్లు కావాలి, సెట్లకి చేతులు కావాలి. మా నాయన సెట్టింగు పనిలో కుదిరాడు. ఫిల్మ్‌నగర్ రాళ్ల మీద దీన్‌దయాళ్ నగర్, దుర్గాభవానీనగర్, జ్ఞానీ జైల్‌సింగ్ నగర్ లాంటి బస్తీలు ఉన్నాయి. అట్లాంటి ఒక బస్తీలో, బండకి ఆనించి కట్టిన ఒక గది మాది. మా అమ్మ జూబ్లీ హిల్స్ బంగళాల్లో అంట్లు తోమేది. జూబ్లీ హిల్స్ అంటే బయటివాళ్లకి హీరోల ఇళ్లు. మాకు మాత్రం మెట్లు. దిగితే పని, ఎక్కితే ఇల్లు.

ఆదివారం కొండ దిగి, రెండు బస్సులు మారి విచారణ గుడికి పోయేవాళ్లం. నేను మొదటి సత్ప్రసాదం తీసుకోవాలంటే ఊరినుంచి జ్ఞానస్నానం సర్టిఫికెట్టు తెమ్మన్నారు. మా నాయన రెండు రోజుల కూలి పోగొట్టుకుని పోయి తెచ్చాడు. పట్నం గుళ్లో ఊరూ పల్లే లేవు, కులం పేరు ఎవరూ ఎత్తరు. కానీ తెలుగు పూజ పొద్దున ఆరింటికి, ఇంగ్లీషు పూజ ఎనిమిదింటికి. ఆరింటి పూజకి చెప్పులొచ్చేవి, ఎనిమిదింటికి కార్లొచ్చేవి. పొద్దున్నే పనికిపోయే మాకు ఆరే నయం. అయినా ఒకసారి ఆలస్యమయ్యి ఎనిమిదింటి పూజకి పోతే మా అమ్మని ఒకామె "మీ పూజ అయిపోయిందమ్మా" అంది. మంచిగానే అంది. ఆ "మీ" అనే మాటతోనే ఆమె అంతా చెప్పింది.

ఇక రెండో గుడి సంగతి. 1993. చర్చి పెళ్లి సీను. ఆ సెట్టు కట్టినవాళ్లలో మా నాయన ఒకడు. పూజాపీఠం చెక్కింది ఆయనే. ఊళ్లో పూజాపీఠం దరిదాపుల్లోకి పోవాలంటే జంకిన మనిషి, ఇక్కడ దాని మీద ఎక్కి కూచుని మేకులు కొట్టాడు. జనం తక్కువయ్యారని ఏజెంటు బస్తీలోకొచ్చి మా అమ్మనీ ఇంకో ఇద్దరినీ జూనియర్ ఆర్టిస్టులుగా తీసుకుపోయాడు. ముగ్గురూ ఆర్సీయం వాళ్లే. నాకు బడి లేదు, వెంటబోయాను.

ముందు బెంచీల్లో తెల్లగా ఉన్న ఆడవాళ్లకి గౌన్లు తొడిగి, టోపీలు పెట్టి కూచోబెట్టారు. మా అమ్మవాళ్లని ముందు రెండో బెంచీలో పెట్టి, లైటు వేసి చూసి, ఒక అసిస్టెంటు అరిచాడు. "వీళ్లకి క్రిస్టియన్ లుక్ లేదయ్యా. వెనక్కి కొట్టు." ముగ్గురూ వెనక గోడ దగ్గరికి పోయారు. ఆ ఫ్లోరులో ఉన్న గౌనుల్లో ఎంతమందికి శిలువగుర్తు వేసుకోవటం వచ్చో నాకు తెలీదు. ఒకామె ఎడం చేత్తో వేసుకోవటం మాత్రం చూశాను.

తర్వాత సత్ప్రసాదం వరస. అప్పడం గుండ్రంగా కత్తిరించి పళ్లెంలో పెట్టారు. ఫాదరు వేషం వేసిన ఆయన ఒక్కొక్కరి నోట్లో పెడుతున్నాడు. వరసలో ఆఖరున మా అమ్మ. ఆమె నోరు తెరవలేదు, చెయ్యి చాపింది. తీసుకుని కొంగులో ముడేసుకుంది. కెమెరాకి అది ఎట్లాగూ కనబడదు గనక ఎవరూ ఏమనలేదు. ఇంటికొచ్చాక ఆ ముక్కని ఏం చెయ్యాలో ఆమెకి తోచలేదు. పారెయ్యటానికి చెయ్యి రాలేదు. తినటానికి నోరు రాలేదు. వచ్చే శనివారం నిజం గుడికి పోయి పాపసంకీర్తనం చేసింది. "షూటింగులో దొంగ సత్ప్రసాదం పట్టుకున్నాను ఫాదర్" అని. ఆయన నవ్వి, అది ఉత్త అప్పడమే తల్లీ పో అన్నాడంట.

అప్పుడు నాకు మా అమ్మ మీద కోపం వచ్చింది. ఎంత పిచ్చిది అనుకున్నాను. ఇప్పుడు అనుకోను. ఆ సెట్టు మీద ఆ వస్తువు విలువ తెలిసినవాళ్లు మా అమ్మవాళ్లు ముగ్గురే. వాళ్లనే కెమెరా వెనక్కి పంపింది. తెలుగు సినిమా మీద నా విమర్శంతా ఈ ఒక్క సంఘటనలో ఉంది. కాకపోతే విమర్శ అన్నాక నాలుగు సినిమాల పేర్లు చెప్పాలి గనక చెబుతాను.

"కరుణామయుడు" 1978లో వచ్చింది. విజయచందర్ క్రీస్తు, భీమ్‌సింగ్ దర్శకుడు. మా పల్లెలో తెరకట్టి వేశారు. మావాళ్లు నేల మీద కూచుని ఏడ్చారు. నేను ఆ ఏడుపుని వెక్కిరించను. కొరడా దెబ్బ ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లు ఆ సినిమా ముందు కూచున్నారు. కానీ ఆ సినిమా క్రీస్తుని యూదయ దేశంలోనే ఉంచింది. అది పురాణం, పురాణానికి అది తప్పు కాదు. తప్పంతా మన ఊళ్లో జరిగే కథల్లో ఉంది. 1981లో భారతీరాజా "సీతాకోకచిలుక"లో బ్రాహ్మణ అబ్బాయి, క్రైస్తవ అమ్మాయి. 2022లో "అంటే సుందరానికీ"లో మళ్లీ బ్రాహ్మణ అబ్బాయి, క్రైస్తవ అమ్మాయి. నలభై ఒక్క ఏళ్ల తేడా. రెండిట్లోనూ అబ్బాయికి కులం ఉంది, జంధ్యం ఉంది, మడి ఉంది. అమ్మాయికి మతం మాత్రమే ఉంది. ఆ అమ్మాయి తాతముత్తాతలు ఏ కులంనుంచి వచ్చారని కథ అడగదు. అడిగితే కథ నిలబడదు. "క్రైస్తవురాలు" అనే చోట "మాలపిల్ల" అని పెట్టి చూడండి. అప్పుడది రెండు మతాల ముచ్చటైన ప్రేమకథగా మిగలదు. తెలుగు దేశంలో క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల మాదిగలేనని అందరికీ తెలుసు. తెర మీద మాత్రం క్రైస్తవులు ఆంగ్లో ఇండియన్లు, గోవావాళ్లు, మలయాళీలు, లేకపోతే రాబర్టు అనే స్మగ్లరు, రీటా అనే డాన్సరు. పాపసంకీర్తనం పెట్టె హంతకుడు రహస్యం చెప్పటానికో, కమెడియన్ నవ్వించటానికో ఉంటుంది. బస్తీనుంచి వచ్చిన పనిమనిషి దాని ముందు మోకరిల్లి ఏం చెబుతుందో తెలుగు సినిమాకి అక్కర్లేదు.

సినిమావాళ్లని తిట్టి మనం చేతులు దులుపుకుంటే అన్యాయం. మన సాహిత్యం ఏం చేసింది? జాషువా "గబ్బిలం" 1941లో వచ్చింది. గుడి లోపలికి పోలేని మనిషి గబ్బిలంతో కబురు పంపాడు. కబురు కాశీలో శివుడికి పోయింది. జాషువా ఇంటిదగ్గర గుడిలో కూడా గబ్బిలాలు ఉండే ఉంటాయి. అవి పైనుంచి సత్ప్రసాదం వరస చూసే ఉంటాయి. ఆ కబురు మనకి రాలేదు. కళ్యాణరావు "అంటరాని వసంతం" 2000లో వచ్చింది. శివయ్య సైమన్ అయిన కథ, మిషన్ లోపలికి కూడా కులం నడిచొచ్చిన కథ అందులో ఉంది. మా గుండెల్లో పెట్టుకున్న నవల. అయితే అది ప్రొటెస్టెంటు మిషన్ల దారి. పుట్టుకనుంచి చావు దాకా ఏడు మెట్లుగా మనిషిని పట్టుకునే కతోలిక విచారణ జీవితం, ఆ మెట్ల మీద కులం ఎట్లా కూచుందో, నేను చదివిన దళిత రచనల్లో చాలా కొంచెమే ఉంది. ఎందుకు లేదు? నా అనుమానం ఒకటే. రాస్తే పట్టుబడతాం.

ఇక్కడ రిజిస్టరు సంగతి చెప్పాలి. కతోలిక గుడిలో జ్ఞానస్నానం రిజిస్టరు ఒక మనిషిని జీవితాంతం వెంటాడుతుంది. తర్వాత పొందిన భద్రమైన అభ్యంగనం, పెళ్లి, గురుపట్టం, అన్నీ ఆ పేరు పక్కనే మార్జిన్‌లో ఎక్కుతాయి. మనిషి ఎక్కడికి పోయినా కబురు పుట్టిన గుడికి తిరిగొస్తుంది. మంచి ఏర్పాటే. పేదవాడి పేరు ఇంత జాగ్రత్తగా రాసిపెట్టిన పుస్తకం ఈ దేశంలో ఇంకోటి లేదేమో. కానీ 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఆ పుస్తకాన్ని మా మీదికి తిప్పింది. హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడంది. 1956లో సిక్కులని చేర్చారు, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవులం, ముస్లింలం బయటే మిగిలాం. మనకి బీసీ-సి, ఒక్క శాతం.

నేను మిషన్ బడిలో చదివాను. బడికి జ్ఞానస్నానం కాగితం ఇచ్చారు గనక నేను క్రైస్తవురాలిని, బీసీ-సి. మా తమ్ముడు 1984లో పుట్టాడు. వాణ్ణి సర్కారు బడిలో వేశారు. పంతులు పేరు చూసి, కులం అడిగి, మతం గడిలో తనే హిందూ అని రాసుకున్నాడు. వాడు ఎస్సీ. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే గుడిలో ఒకే నీళ్లు పోయించుకుని, ఒకరం ఒక కులం, ఇంకొకరం ఇంకో కులం అయ్యాం. ఊరి బావి మా ఇద్దరికీ ఒక్కటే లెక్క చూపింది. వాడికి 2008లో ఉద్యోగం వచ్చింది. ఆ రోజునుంచీ వాడు గుడిలో వరసలోకి రావటం మానేశాడు. పెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకున్నాడు. గుడిలో చేసుకుంటే మూడు ఆదివారాలు పేర్లు చదువుతారు, పుస్తకంలో ఎక్కుతుంది. జ్ఞానవివాహం లేదు గనక సత్ప్రసాదమూ లేదు.

మా తమ్ముడిది దొంగతనమని అనేవాళ్లున్నారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు సెల్వరాణి కేసులో ఇంచుమించు అదే మాట అంది. పుదుచ్చేరి అమ్మాయి, పసిబిడ్డగా ఉన్నప్పుడు జ్ఞానస్నానం పొందింది, క్రమంగా గుడికి పోతుంది, కాబట్టి ఎస్సీ సర్టిఫికెట్టు ఇవ్వటం రాజ్యాంగాన్ని మోసం చెయ్యటమే అన్నారు. 2025లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి పోయినవాడు అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టలేడంది. మాలోడా అని తిట్టేవాడు ముందు మన జ్ఞానస్నానం సర్టిఫికెట్టు చూసి తిడతాడా? రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే ఎస్సీ హోదాని మతంతో ముడిపెట్టొద్దంది. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2023 మార్చిలో తీర్మానం చేసింది. 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది. కాగితాలకి కొదవ లేదు.

ఇంకో వైపు శ్రీసభని కూడా అడగాలి. 1983 శ్రీసభ చట్టం 848వ నిబంధన, పేదరికం వల్ల ఎవరికీ సంస్కారాలు అందకుండా పోకూడదంటుంది. కులం వల్ల అనే మాట అందులో లేదు. 2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతులు దళిత విధానపత్రం విడుదల చేసి, సభలో కుల వివక్ష ఉందని ఒప్పుకున్నారు. 2000లో మరంపూడి జోజిగారు హైదరాబాదుకి మొదటి దళిత అగ్రపీఠాధిపతి అయ్యారు. కర్నూలు జిల్లా చిందుకూరులో పుట్టిన పూల అంతోనిగారు 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు, దళితుల్లో మొదటివాడు. మా బస్తీలో మిఠాయి పంచాం. సంతోషమే. గురుపట్టం మెట్టు ఒకరు ఎక్కారు. మిగతా ఆరు మెట్ల మీద మా వరస ఎప్పుడు కదులుతుందని అడగటం ఆ సంతోషానికి అడ్డం కాదు.

మా నాయన 2018లో పోయాడు. ఊపిరితిత్తుల్లో రంపప్పొట్టు, రంగుల వాసన నిండిపోయాయి. రాత్రి పదింటికి ఫోన్ చేస్తే ఒక చిన్న ఫాదరు వచ్చాడు. వీధిలైట్లు లేని మెట్లు, సెల్‌ఫోన్ వెలుగులో ఎక్కివచ్చాడు. గదిలో జాగా లేక మోకాళ్ల మీద కూచున్నాడు. నుదుటి మీదా, రెండు అరచేతుల్లో నూనె రాశాడు. ఆ అరచేతులు మేకులు కొట్టి కొట్టి బండబారినవి. నాలుక మీద చిన్న ముక్క పెట్టాడు. పోతా పోతా మా అమ్మ ఇచ్చిన టీ తాగాడు. 1704లో చెప్పిన పని 2018లో ఒకాయన చేశాడు. ఆయన కులం ఏమిటో నేను అడగలేదు. అడగకుండా ఉండగలిగిన రాత్రి నా జీవితంలో అదొక్కటే.

మా తమ్ముడు గడప బయట నిలబడి ఉన్నాడు. ఫాదరు "రా బాబూ, అందరం కలిసి ప్రార్థన చేద్దాం" అన్నాడు. వాడు రాలేదు. ఆయన పోయాక లోపలికొచ్చి నాయన చెయ్యి పట్టుకున్నాడు. నూనె ఇంకా తడిగానే ఉంది. వాడి చేతికంటింది. చాలాసేపు తుడుచుకోలేదు.

విద్యార్థి మిత్రులకి, సంఘాల్లో పనిచేసేవాళ్లకి నేను చెప్పేది ఇది. మతం మారితే కులం పోతుందా అని మనల్ని అడుగుతారు. పోలేదని మన వరసే చెబుతుంది. పోనప్పుడు హక్కు ఎందుకు పోవాలి అని మనం కోర్టునీ, ప్రభుత్వాన్నీ అడగాలి. పోగొట్టే పని మీరెందుకు చెయ్యలేదని గుడినీ అడగాలి. ఒకర్ని అడిగి ఇంకొకర్ని వదిలితే సగం పనే. ఇవి రాసిపెట్టండి. ఊరి పేరు దాచుకునైనా రాయండి, నేను దాచుకున్నట్టు.

మా తమ్ముడికి ఆరేళ్ల కూతురుంది. ఆ పిల్లకి జ్ఞానస్నానం చేయించలేదు. మా అమ్మ అడిగి అడిగి మానేసింది. కానీ ఆదివారం పూట పిల్లకి నీళ్లు పోసేది ఆమే. మొన్నొకసారి చూశాను. తల రుద్దటం అయిపోయాక చెంబుతో మూడుసార్లు నెమ్మదిగా తలమీద పోసింది. పెదాలు కదిపింది. అవసరం పడితే ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చని సత్యోపదేశంలో ఆమె నేర్చుకుంది. నేను చూశానని తెలిసి, "ఏందే, నీళ్లు పోస్తున్నా" అంది. ఆ నీళ్లు ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు.